అచ్చులో నిలిచిన దేవతలు: 18వ శతాబ్ది ఇటలీ పింగాణీ బొమ్మలలో గ్రీకు-రోమన్ పురాణగాథలు

వ్యాససంగ్రహం

18వ శతాబ్దంలో ఇటలీ కర్మాగారాలు తయారుచేసిన పౌరాణిక పింగాణీ బొమ్మలను కళాచరిత్ర చాలాకాలం అలంకరణ వస్తువులుగానే లెక్కించింది. అవి పాత శిల్పాలకు ప్రతులు కావడం అందుకు ముఖ్యకారణం. ఫ్లోరెన్స్ సమీపంలోని దోచ్చా, నేపుల్స్‌లోని రాజ కర్మాగారం, రోములోని వొల్పాతొ కర్మశాల అనే మూడు కేంద్రాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. శిల్పసంపద యాజమాన్యం చేతులు మారుతున్న సమయంలో ఆ సంపదను నిలబెట్టుకొనే సాధనంగా, దానిపై హక్కును చాటుకొనే సాధనంగా, దానిని పంచిపెట్టే సాధనంగా పింగాణీ పనిచేసిందని నిరూపించడం దీని ఉద్దేశం. ఈ బొమ్మల అధ్యయనానికి పూర్తయిన వస్తువు ఎంత ముఖ్యమో, దానికి జన్మనిచ్చిన అచ్చు చరిత్ర కూడా అంతే ముఖ్యమని ఇందులో ప్రతిపాదించడం జరిగింది.

కీలకపదాలు: పింగాణీ, దోచ్చా, కార్లో జినోరి, సోల్దాని, కాపొదిమొంతె, తల్యోలీని, వొల్పాతొ, అచ్చు, ప్రతి, మూలం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘బొమ్మ’ అనే మాటకు అర్థవిస్తృతి ఎక్కువ. పిల్లల ఆటవస్తువూ బొమ్మే, గోడమీది చిత్రమూ బొమ్మే, గుడిలోని శిలారూపాన్నీ వాడుకలో బొమ్మ అనే అంటాం. ఐరోపా కళావిమర్శ ఈ అర్థాలను వేరుచేసి, వాటి మధ్య ఎక్కువతక్కువలు ఏర్పరచింది. చలువరాయి, కంచు శిల్పానికి తగిన ద్రవ్యాలుగా గౌరవం పొందాయి. పింగాణీ భోజనశాలకు, అద్దాల బీరువాకు పరిమితమైంది. ప్రాచీన కళాధ్యయనానికి పునాది వేసినవారిలో ప్రముఖుడైన జర్మన్ పండితుడు యోహాన్ యోఆకిమ్ విన్కెల్‌మాన్ సైతం, ఇంత చక్కని ద్రవ్యాన్ని నవ్వు పుట్టించే చిన్న బొమ్మలకు వ్యర్థం చేస్తున్నారని ఆక్షేపించాడు.

ఈ ఆక్షేపణలో రెండు ఊహలు ఇమిడి ఉన్నాయి. మొదటిది, పరిమాణం తగ్గితే గాంభీర్యం తగ్గుతుందనేది. రెండవది, ప్రతికి మూలానికున్న విలువ ఉండదనేది. ఇటలీ పింగాణీ విషయంలో ఈ రెండు ఊహలనూ పునఃపరిశీలించవలసిన అవసరం ఉంది. ఎందుకంటే ఇక్కడి శిల్పులు అనుకరించిన ‘మూలాలు’ కూడా చాలావరకు ప్రతులే. గ్రీకు కంచు విగ్రహాలకు రోమన్ కాలపు చలువరాతి ప్రతులు, వాటికి 18వ శతాబ్ది తొలినాటి కంచు ప్రతులు, వాటికి మైనపు నమూనాలు, ఆ నమూనాల నుండి పింగాణీ: ఇదొక గొలుసు. ఈ గొలుసులో ప్రతి లంకె దగ్గరా ద్రవ్యం మారింది, పరిమాణం మారింది, యజమాని మారాడు. కథ మాత్రం కొనసాగింది. ఆ కొనసాగింపు ఎలా సాధ్యమైందన్నదే ఇక్కడి ప్రశ్న.

2. నేపథ్యం: పింగాణీ రహస్యం, భోజనశాల అలంకరణ

చైనా నుండి దిగుమతి అయ్యే పింగాణీని సొంతంగా తయారుచేయాలనే కోరిక ఐరోపా రాజులను రెండు శతాబ్దాలపాటు వేధించింది. ఇటలీకి ఈ ప్రయత్నంలో పాత చరిత్రే ఉంది. ఫ్లోరెన్స్ పాలకుడు మొదటి ఫ్రాంచెస్కో మెదిచి ఆశ్రయంలో 1575-1587 మధ్య ఒక విధమైన మృదు పింగాణీ తయారైంది. కాని ఆయనతోనే ఆ ప్రయత్నం అంతరించింది. తెల్లని చీనామట్టి, అనగా కయోలిన్ ఆధారంగా చేసే గట్టి పింగాణీ రహస్యం శాక్సనీలో చేజిక్కింది. అక్కడి పాలకుడు అగస్టస్ ఆశ్రయంలో 1710లో మైసెన్ కర్మాగారం నెలకొంది. ఆ రహస్యం తెలిసిన పనివారు క్రమంగా వియన్నాకు, వెనిస్‌కు చేరారు. వెనిస్‌లో వెజ్జి కుటుంబం 1720లో ప్రారంభించిన కర్మాగారం ఏడేళ్ళకే మూతపడింది.

పింగాణీ బొమ్మకు పూర్వరూపం చక్కెర బొమ్మ. రాజుల విందులలో బల్లమీద చక్కెరతో, మైనంతో చేసిన దేవతల రూపాలను, రథాలను, తోటలను ఒక కథావస్తువు ప్రకారం అమర్చేవారు. అతిథులు ఆ దేవతలను గుర్తుపట్టి, కథను చెప్పుకొని, ఆతిథేయుని ప్రశంసించేవారు. విందు ముగియగానే ఆ వైభవం కరిగిపోయేది. చక్కెర స్థానంలో పింగాణీ వచ్చాక ఆ దేవతలకు శాశ్వతత్వం కలిగింది. ఈ నేపథ్యం వల్లనే ఆనాటి పింగాణీ దేవతలు ఒంటరిగా గాక తరచు సమూహాలుగా, జంటలుగా, ఋతువులుగా, పంచభూతాల వలె వారు భావించిన నాలుగు భూతాలుగా కనిపిస్తారు. చూసేవారు చుట్టూ కూర్చుంటారు గనుక అవి నలువైపులనుండీ చూడదగినవిగా ఉంటాయి.

3. దోచ్చా: వంశం ముగిసిన ఏడు, కర్మాగారం మొదలైన ఏడు

1737 జూలైలో జాన్ గాస్తోనె మరణంతో తోస్కానాను ఏలిన మెదిచి వంశపు పురుషపరంపర ముగిసింది. రాజ్యం లొరేన్ వంశీయుడైన ఫ్రాన్సిస్ స్టీఫెన్‌కు సంక్రమించింది. ఆయన నివాసం వియన్నా. ఫ్లోరెన్స్‌లో రాజప్రతినిధుల పాలన ఏర్పడింది. జాన్ గాస్తోనె సోదరి అన్నా మరియా లుయీసా అదే సంవత్సరం అక్టోబరులో కొత్త వంశంతో ఒక ఒడంబడిక చేసుకొంది. మెదిచి కుటుంబం కూడబెట్టిన చిత్రాలు, శిల్పాలు, గ్రంథాలు ఫ్లోరెన్స్ దాటిపోరాదన్నది అందులోని ముఖ్యనియమం. ఉఫ్ఫీజీ సంపద నేటికీ ఆ నగరంలో ఉండడానికి ఆ నియమమే ఆధారం.

అదే 1737లో మార్కీస్ కార్లో జినోరి నగరానికి వాయవ్యంగా, సెస్తో ఫియొరెంతీనొ సమీపంలోని దోచ్చాలో తన భవనంలో పింగాణీ కర్మాగారం నెలకొల్పాడు. ఆ ఏడు వియన్నాకు వెళ్ళినప్పుడు అక్కడి పింగాణీ పనిని ఆయన చూశాడు. వియన్నా చిత్రకారుడు కార్ల్ వెండెలిన్ ఆన్‌రైటర్‌ను తన కర్మాగారానికి రప్పించాడు. మైసెన్, వియన్నాల నుండి సాంకేతికత వచ్చింది. శిల్పరూపం మాత్రం జినోరి ఇంటిదగ్గరే వెతుక్కున్నాడు.

ఆయన ఎన్నిక వెనుక ఫ్లోరెన్స్ శిల్పుల అప్పటి స్థితి ఉంది. జోవన్ని బత్తిస్తా ఫొజ్జిని (1652-1725), మస్సిమిలియానో సోల్దాని బెంజి (1656-1740) మెదిచి ఆస్థానపు చివరి మహాశిల్పులు. ఫొజ్జిని ఆస్థానశిల్పి. సోల్దాని రాజ టంకశాలకు అధిపతి, పతకాలలోనూ కంచుపోతలోనూ ఐరోపా అంతటా పేరుగాంచినవాడు. ఇంగ్లండులో మార్ల్‌బరో ప్రభువు బ్లెన్‌హైమ్ భవనానికి మెదిచి వీనస్ మొదలైన ప్రాచీన శిల్పాల నిలువెత్తు కంచు ప్రతులను పోతపోసింది ఆయనే. ఆస్థానం అంతరించేసరికి ఇటువంటి పనులకు పోషణ కరువైంది. వారి పనిశాలలలో మైనపు నమూనాలు, ప్లాస్టర్ అచ్చులు మిగిలిపోయాయి. కంచు పోతపోసేవారు లేనప్పుడు అచ్చుకు విలువ ఏముంటుంది? మైనం పగుళ్ళుతీసి పొడి అవుతుంది, ప్లాస్టర్ చెమ్మకు చెడుతుంది.

జినోరి 1740ల దశకంలో వాటిని కొనడం ప్రారంభించాడు. సోల్దాని వారసుల నుండి, ఫొజ్జిని కుమారుడు విన్చెంజో నుండి నమూనాలు, అచ్చులు దోచ్చాకు చేరాయి. ఫ్లోరెన్స్, రోము నగరాలలోని ప్రాచీన విగ్రహాలకు కూడా ప్రతులు తీయించాడు. కర్మాగారపు ముఖ్యశిల్పి గాస్పరె బ్రుస్కి ఆ సామగ్రిని పింగాణీకి అనువుగా మలచాడు. అన్నా మరియా లుయీసా ఒడంబడిక పూర్తయిన కళాఖండాలను ఫ్లోరెన్స్‌లో నిలిపితే, జినోరి కొనుగోళ్ళు వాటిని సృష్టించే సామర్థ్యాన్ని అక్కడ నిలిపాయి. ఈ రెండు చర్యలనూ పక్కపక్కన ఉంచి చూసినప్పుడే దోచ్చా బొమ్మల చారిత్రకార్థం బోధపడుతుంది.

ఈ సంబంధానికి ఒక చక్కని ఉదాహరణ సోల్దాని ‘నాలుగు ఋతువుల’ కంచు ఫలకాలు. వీటిని అన్నా మరియా లుయీసా భర్త, జర్మనీలోని పాలటినేట్ పాలకుడు యోహాన్ విల్‌హెల్మ్ కోసం ఆమె సోదరుడు ఫెర్దినాందొ చేయించాడు. ఆ కంచు ఫలకాలు జర్మనీకి వెళ్ళిపోయాయి. నేడు మ్యూనిక్‌లో ఉన్నాయి. వాటి నమూనాలు ఫ్లోరెన్స్‌లోనే మిగిలినందువల్ల దోచ్చాలో అవి మళ్ళీ పింగాణీ ఫలకాలుగా రూపొందాయి. కంచు దేశం దాటినా అచ్చు ఇంటిపట్టున ఉండడం వల్ల కలిగిన ఫలితమిది.

4. మైనం నుండి పింగాణీ దాకా

దోచ్చా సాధించిన పనిని అంచనా వేయాలంటే నిర్మాణవిధానం తెలియాలి. మైనపు నమూనాకు ముందుగా ప్లాస్టర్ అచ్చు తీస్తారు. మనిషి రూపంలో చంక, మెడవంపు, వేళ్ళ సందులు వంటి లోతట్టు భాగాలు ఉంటాయి గనుక ఒకే ముక్కగా తీసిన అచ్చు విడిరాదు. అందుచేత రూపాన్ని అనేక భాగాలుగా విభజించి ముక్కల అచ్చు తయారుచేస్తారు. పింగాణీ ముద్దను ఆ ముక్కలలో పలుచగా అదిమి, ఆరిన తరువాత విడదీసి, అదే మట్టిని నీటిలో కలిపిన చిక్కని ద్రవంతో అతికిస్తారు. అతుకుల గీతలను చెక్కి నునుపుచేస్తారు. లోపల బోలుగా ఉండాలి, ఆవిరి పోవడానికి కనబడనిచోట రంధ్రం ఉండాలి. లేకుంటే కాల్పులో బొమ్మ పగులుతుంది.

అసలు పరీక్ష ఆవంలో ఎదురవుతుంది. గట్టి పింగాణీ 1300 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడిలో కాలుతుంది. ఆ వేడిలో మట్టి కొంత మెత్తబడి తన బరువుకు తానే వంగుతుంది, పరిమాణంలో సుమారు ఏడింట ఒక వంతు కుంచించుకుపోతుంది. ఉఫ్ఫీజీలోని మెదిచి వీనస్ ఎత్తు సుమారు 153 సెంటీమీటర్లు. దాని నుండి నేరుగా తీసిన అచ్చులో పింగాణీ చేస్తే కాలిన తరువాత సుమారు 131 సెంటీమీటర్లే మిగులుతుంది. అన్ని భాగాలూ ఒకే నిష్పత్తిలో కుంచించుకుపోతే చింత లేదు. మందమున్న తొడ, పలుచని మణికట్టు వేర్వేరుగా స్పందిస్తే పగుళ్ళు తప్పవు.

కంచుకు ఇటువంటి బాధ లేదు. ఒంటికాలిమీద నిలిచిన దేవుడైనా, గాలిలో చాచిన చేయి అయినా లోహపు బలంతో నిలుస్తుంది. సోల్దాని, ఫొజ్జినుల ఊహ కంచుకు అలవాటుపడిన ఊహ. దానిని మట్టిలోకి దించడానికి బ్రుస్కి రూపాన్ని తగిన చోట్ల ఖండించి విడివిడిగా కాల్చి కూర్చవలసివచ్చింది, కాల్పులో తాత్కాలిక ఊతాలు పెట్టవలసివచ్చింది. దోచ్చా పింగాణీ మైసెన్‌తో పోల్చితే కొంత బూడిదవన్నె కలిగి, గరుకుగా ఉంటుంది. పెద్ద బొమ్మలలో ఆవపు పగుళ్ళు స్పష్టంగా కనిపిస్తాయి. వీటిని నైపుణ్యలోపంగా చూడడం తేలిక. అయితే ఆ కాలంలో ఇతర కర్మాగారాలు చాలావరకు జానెడు బొమ్మలతో తృప్తిపడగా దోచ్చా నిలువెత్తు శిల్పానికి పూనుకొన్నదని గుర్తిస్తే, ఆ పగుళ్ళు సాహసపు ఆనవాళ్ళుగా కనిపిస్తాయి.

5. మెదిచి వీనస్: ఊతం చెప్పే కథ

మెదిచి వీనస్‌ను 1677లో రోము నుండి ఫ్లోరెన్స్‌కు తెచ్చారు. ఉఫ్ఫీజీలోని అష్టకోణ మందిరంలో నిలిచిన ఆ విగ్రహాన్ని చూడడానికి ఐరోపా నలుమూలలనుండి యాత్రికులు వచ్చేవారు. 1740ల చివర దోచ్చాలో ఆ దేవత పింగాణీ రూపం పొందింది.

రోమన్ పురాణంలో వీనస్ సముద్రపు నురుగు నుండి పుట్టిన ప్రేమదేవత. విగ్రహంలో ఆమె ఎడమకాలి పక్కన ఒక డాల్ఫిన్, దానిపై చిన్న మన్మథరూపాలు ఉన్నాయి. డాల్ఫిన్ ఆమె సముద్రజన్మకు సంకేతం. అయితే దానికి మరో పని కూడా ఉంది. చలువరాతి విగ్రహం బరువును రెండు సన్నని చీలమండలు మోయలేవు, పక్కన ఊతం కావాలి. కంచులో ఆలోచించిన రూపాన్ని రాతిలోకి మార్చినప్పుడు ప్రాచీన శిల్పులు చెట్టుమోడునో జంతువునో ఇలా చేర్చడం పరిపాటి. ఆ విధంగా నిర్మాణావసరం పురాణసంకేతంగా మారింది.

ఈ దేవతను సోల్దాని మళ్ళీ కంచులో పోసినప్పుడు ఊతం అవసరం తీరిపోయినా డాల్ఫిన్ మిగిలింది, ఎందుకంటే అప్పటికి అది రూపంలో భాగమైపోయింది. దోచ్చాలో వీనస్ పింగాణీగా మారినప్పుడు డాల్ఫిన్‌కు పాత పని తిరిగివచ్చింది. ద్రవ్యం మారినప్పుడల్లా ఒకే సంకేతం ఒకసారి భారాన్ని మోస్తూ, మరొకసారి కేవలం అర్థాన్ని మోస్తూ సాగడం గమనింపదగినది. ‘ప్రతి’ అని ఒక్కమాటలో కొట్టివేస్తే ఈ పరిణామం మన దృష్టికి రాదు. ప్రతి తయారుచేసేవాడు మూలాన్ని చూసినంత నిశితంగా సాధారణ ప్రేక్షకుడు చూడలేడు. ఏ భాగం నిలుస్తుంది, ఏ భాగం కూలుతుంది అన్న ప్రశ్నతో అతడు దేవతను చదువుతాడు.

జినోరికి ఈ పనిలోని రాజకీయార్థం తెలుసనడానికి మరొక ఆధారం ఉంది. 1750-51లో ఆయన కొర్తోనాలోని ఎత్రుస్కన్ విద్వత్సభకు ఒక పింగాణీ మందిరాన్ని సమర్పించాడు. తోస్కానా కీర్తికి అంకితమైన ఆ మందిరంలో మెదిచి వంశీయుల రూపాలున్న పతకాలు అమర్చి ఉన్నాయి. పరిపాలనలో వారి స్థానం పోయాక, పింగాణీలో వారికి స్థానం కల్పించిన నిర్మాణమది.

6. నేపుల్స్: భూమిలోంచి వచ్చిన పురాణం

నేపుల్స్ రాజు చార్లెస్ 1738లో శాక్సనీ రాకుమారి మరియా అమాలియాను వివాహమాడాడు. ఆమె మైసెన్ స్థాపకుడైన అగస్టస్ మనుమరాలు. 1743లో కాపొదిమొంతె కొండమీది రాజప్రాసాద పరిసరాలలో కర్మాగారం మొదలైంది. ముఖ్యశిల్పి జుసెప్పె గ్రిచ్చి. కయోలిన్ లేని మృదు పింగాణీ అక్కడిది. పాలమీగడ వంటి ఛాయ, మెత్తని వంపులు దాని గుణాలు. 1759లో చార్లెస్ స్పెయిన్ సింహాసనం ఎక్కడానికి వెళుతూ పనివారిని, సామగ్రిని కూడా మాడ్రిడ్‌కు తరలించాడు. కర్మాగారం కూడా రాజు వెంట ప్రయాణించే ఆస్తి అని ఆ సంఘటన తెలుపుతుంది.

చార్లెస్ కుమారుడు ఫెర్దినాందొ 1771లో కొత్త రాజ కర్మాగారాన్ని ప్రారంభించాడు. ఈలోగా నేపుల్స్‌కు ఒక అపూర్వమైన స్థానం లభించింది. 1738లో హెర్క్యులేనియంలో, 1748లో పాంపేయిలో తవ్వకాలు మొదలై, వెసూవియస్ బూడిద కింద దాగిన నగరాలు వెలుగుచూడసాగాయి. ప్రాచీన సంపదకు ఇతరులు కొనుగోలుదారులైతే నేపుల్స్ రాజు ఆ నేలకే యజమాని. 1780 ప్రాంతంలో దొమేనికొ వెనూతి నిర్వహణలో కర్మాగారం ఈ యాజమాన్యాన్ని పింగాణీలో ప్రకటించడం మొదలుపెట్టింది. 1781-82లో తయారైన ‘హెర్క్యులేనియం’ భోజనపాత్రల సముదాయం స్పెయిన్‌లోని తండ్రికి కుమారుని కానుకగా వెళ్ళింది. ప్రాచీన కలశాల ఆకృతులతో చేసిన ‘ఎత్రుస్కన్’ సముదాయం ఇంగ్లండు రాజు మూడవ జార్జికి చేరింది.

అదే దశకంలో వియన్నాలో పని నేర్చిన ఫిలిప్పో తల్యోలీని (1745-1809) ముఖ్యశిల్పిగా వచ్చాడు. రాజుకు తన పితామహి ఎలిసబెత్తా ఫార్నెసె ద్వారా సంక్రమించిన ప్రసిద్ధ శిల్పసంపద 1787 నుండి రోము విడిచి నేపుల్స్ చేరసాగింది. ప్రాచీన రూపాలను తల్యోలీని చిన్న ప్రమాణంలో గాజుపూత లేని తెల్లని పింగాణీలోకి మార్చాడు.

ఆయన స్వతంత్రకల్పనలలో అగ్రగణ్యమైనది ‘దైత్యుల పతనం’. నేడు కాపొదిమొంతె మ్యూజియంలో ఉన్న ఈ సమూహంలో రాతిగుట్టల మధ్య దైత్యులు నలిగి దొర్లుతుంటారు, పైన జూపిటర్ విజేతగా వెలుగుతాడు. పర్వతాలను పేర్చి స్వర్గాన్ని ముట్టడింపబోయిన దైత్యులను దేవరాజు పిడుగుతో కూల్చిన కథ ఇది. ఈ యుద్ధం నేపుల్స్ పక్కనున్న అగ్నిక్షేత్రాలలో జరిగిందని ప్రాచీనుల సంప్రదాయం. గంధకపు పొగలు కక్కే ఆ నేలను, తరచు రగిలే వెసూవియస్‌ను భూమికింద అణగిన దైత్యుల శ్వాసగా వారు ఊహించుకొన్నారు. కాబట్టి ఇతర నగరాలలో పుస్తకాలద్వారా తెలిసిన కథ నేపుల్స్‌లో స్థలపురాణం. రాచరికాలను ప్రశ్నించే గాలి ఐరోపా అంతటా వీస్తున్న ఆ శతాబ్దాంతంలో, ధిక్కరించినవారు నేలకూలే దృశ్యం రాజుకు ఎంత ఇంపైనదో ఊహింపవచ్చు. అయితే శిల్పి శ్రద్ధంతా ఓడినవారి దేహాల మీద నిలిచిందన్నది చూపరులకు తోచే మరో సత్యం. బరువుకు వంగిన వీపులు, రాయిని తోసే చేతులు లేకపోతే ఆ సమూహమే లేదు.

7. రోము: పంచిపెట్టిన ప్రాచీనత

రోములో రాజవంశం లేదు, పోపు పాలన ఉంది. 1771లో పద్నాలుగవ క్లెమెంట్ కాలంలో మొదలై ఆరవ పియుస్ కాలంలో విస్తరించిన పియో-క్లెమెంతీనొ మ్యూజియం వాటికన్‌లోని ప్రాచీన శిల్పాలను క్రమపద్ధతిలో ప్రదర్శించింది. చూడవచ్చిన విదేశీ యాత్రికులకు జ్ఞాపికలు కావాలి. చలువరాతి ప్రతి ఖరీదెక్కువ, మోయడం కష్టం.

ఈ అవసరాన్ని గుర్తించినవాడు జోవన్ని వొల్పాతొ (1735-1803). వెనిస్‌లో తర్ఫీదు పొందిన ఈ చెక్కడపు చిత్రకారుడు వాటికన్‌లోని రఫాయెల్ చిత్రాలకు ముద్రణప్రతులు తయారుచేసి అప్పటికే ప్రసిద్ధుడు. ఒక చిత్రాన్ని వందల ప్రతులుగా పంచడం అతని వృత్తి. 1785లో పోపు అనుమతితో పింగాణీ కర్మశాల ప్రారంభించినప్పుడు ఆ వృత్తిసూత్రాన్నే శిల్పానికి వర్తింపజేశాడు. వాటికన్, కాపిటోలిన్ సంగ్రహాలలోని ప్రఖ్యాత విగ్రహాలు బల్లమీద అమరే పరిమాణానికి వచ్చాయి. విదేశీయుల సౌకర్యార్థం ధరల పట్టిక ఫ్రెంచిలో ముద్రించారు. ఏ దేవత ఎంత వెలకు దొరుకునో యాత్రికుడు చూసుకొని ఎన్నుకోవచ్చు.

ఇక్కడి మార్పు సూక్ష్మమైనది. దోచ్చాలో వీనస్ ఒక నగరపు వారసత్వం. నేపుల్స్‌లో జూపిటర్ ఒక రాజ్యపు సంకేతం. వొల్పాతొ పట్టికలో దేవతలందరూ ఒకే వరుసలో, ఒకే తెలుపులో, ఒకదానికొకటి జోడుకాగల వస్తువులయ్యారు. కథ కంటే ‘ఫలానా మ్యూజియంలోని ఫలానా విగ్రహం’ అన్న గుర్తింపు ముందుకువచ్చింది. పురాణపాత్ర కళాఖండంగా మారిపోయిన ఘట్టమిది.

8. గాజుపూతా, తెల్లదనమా?

ఈ మూడు కేంద్రాల మధ్య ఉపరితలంలో ఒక ప్రధానభేదం ఉంది. దోచ్చా తొలినాటి బొమ్మలకు గాజుపూత ఉంది. ఆ పూత చెక్కడపు చిన్న వివరాలను కొంత కప్పివేస్తుంది, వెలుగును ప్రతిఫలింపజేస్తుంది. కంచు తళుకుకు అలవాటుపడిన బరోక్ రూపాలకు ఆ మెరుపు నప్పింది. కండరం మీద జారే వెలుగు కదలిక భ్రాంతిని కలిగిస్తుంది.

1750ల తొలినాళ్ళలో ఫ్రాన్సులోని వాన్‌సెన్ కర్మాగారం పూత లేకుండా కాల్చిన బొమ్మలను ప్రవేశపెట్టింది. బిస్క్యూ అని పేరుపొందిన ఈ పద్ధతిలో ఉపరితలం చలువరాయి వలె మసకతెలుపుగా ఉంటుంది, శిల్పి వేలిముద్ర దాకా ప్రతి వివరం నిలుస్తుంది, చిన్న లోపం కూడా దాగదు. తల్యోలీని, వొల్పాతొలు ఎన్నుకొన్నది దీనినే. విన్కెల్‌మాన్ వంటి పండితులు ప్రాచీన శిల్పంలో ప్రశంసించిన నిశ్చలత, ఆకృతిశుద్ధి ఈ తెలుపులో సులభంగా పలికాయి. పింగాణీని ఆక్షేపించిన సౌందర్యసిద్ధాంతమే పింగాణీ రూపాన్ని మార్చిందన్నమాట.

ఇందులో ఒక చారిత్రక వైపరీత్యం ఉంది. ప్రాచీన గ్రీకు, రోమన్ శిల్పాలకు రంగులుండేవి. కాలగతిలో అవి రాలిపోగా మిగిలిన తెల్లరాతిని చూసి తెలుపే ప్రాచీనతకు గుర్తని 18వ శతాబ్దం నమ్మింది. బిస్క్యూ బొమ్మలు ఆ నమ్మకాన్ని ఐరోపా ఇళ్ళలో స్థిరపరచాయి. ప్రతులు మూలాన్ని అనుసరించడమే కాక, మూలాన్ని గురించిన మన ఊహను కూడా తీర్చిదిద్దుతాయనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

9. అచ్చుల భవితవ్యం, గుర్తింపు సమస్య

అచ్చు ఎంతకాలం ఉంటే అంతకాలం బొమ్మ మళ్ళీ పుడుతుంది. ఇది వరమే గాని పరిశోధకునికి చిక్కు కూడా. 1740లలో నమూనా కొని, 1750లలో చేసిన బొమ్మ, అదే అచ్చునుండి మరుసటి శతాబ్దంలో చేసిన బొమ్మ ఒకేలా ఉండవచ్చు. నేపుల్స్ రాజ కర్మాగారం 1806లో ఫ్రెంచి ఆక్రమణతో రాజుల చేతినుండి జారిపోయింది. ఫెర్దినాందొ కర్మాగారం వాడిన కిరీటం కింద ‘ఎన్’ అక్షరపు ముద్రను 19వ శతాబ్దంలో జినోరి కర్మాగారంతో సహా అనేకులు వాడారు. కాపొదిమొంతె తొలి కర్మాగారపు ముద్ర లిల్లీపువ్వు మాత్రమే. అయినా కిరీటపు ముద్ర ఉన్న ప్రతి వస్తువునూ ‘కాపొదిమొంతె’ అని పిలవడం వ్యాపారంలో పరిపాటి అయింది. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం వంటిచోట్ల ఐరోపా పింగాణీని పరిశీలించే మన విద్యార్థులు ఈ భేదాన్ని గుర్తుంచుకోవడం అవసరం. నమూనా ఎవరిది, అచ్చు ఎవరి స్వాధీనంలో ఉంది, ఆవంలో కాలింది ఎప్పుడు అనే మూడు ప్రశ్నలను విడివిడిగా వేయాలి. ఒకే పేరు, ఒకే తేదీ ఆ మూడింటికీ సమాధానం కాజాలదు.

దోచ్చా విషయంలో ఈ పరిశోధనకు ఆధారం 18వ శతాబ్దాంతంలో రాసిన నమూనాల జాబితా. జర్మన్ పండితుడు క్లాస్ లాంక్‌హైట్ దానిని 1982లో పరిష్కరించి ప్రచురించాడు. ఏ మైనం ఏ శిల్పిదో చెప్పే ఆ జాబితా వల్ల, కంచురూపం నశించిన లేదా ఆచూకీ లేని శిల్పాలను కూడా పింగాణీద్వారా, మైనంద్వారా పోల్చిచూడడం సాధ్యమైంది. పింగాణీ ఇక్కడ శిల్పచరిత్రకు సాక్ష్యపత్రంగా నిలిచింది.

ఆ సాక్ష్యానికీ ప్రమాదం తప్పలేదు. జినోరి సంస్థ 2013లో దివాలా తీసింది. కర్మాగారం కొత్త యజమానుల చేతికి వెళ్ళినా, పక్కనున్న మ్యూజియం 2014లో మూతపడింది. మైనపు నమూనాలకు, ప్లాస్టర్ అచ్చులకు చెమ్మే ప్రధానశత్రువు. 2017లో ఇటలీ ప్రభుత్వం మ్యూజియంను కొనుగోలు చేసింది. పోషకుడు కనుమరుగైనప్పుడు మైనాన్ని ఎవరు కాపాడాలి అనే 1740ల నాటి ప్రశ్న మళ్ళీ తలెత్తింది. మొదటిసారి ఒక ప్రభువు, రెండవసారి ప్రజాప్రభుత్వం సమాధానమిచ్చాయి.

10. ఉపసంహారం

పై పరిశీలనవల్ల కొన్ని నిర్ణయాలకు రావచ్చు. ఒకటి, ఇటలీ పౌరాణిక పింగాణీని మైసెన్‌కు అనుకరణగా మాత్రమే చూడడం సరికాదు. సాంకేతికత ఉత్తరాదినుండి వచ్చినా, రూపం స్థానిక శిల్పసంపదనుండి వచ్చింది. రెండు, ఒకే దేవతాగణం మూడు నగరాలలో మూడు ప్రయోజనాలకు ఉపకరించింది: ఫ్లోరెన్స్‌లో స్మృతిరక్షణకు, నేపుల్స్‌లో యాజమాన్యప్రకటనకు, రోములో విక్రయానికి. మూడు, ద్రవ్యం మారినప్పుడు కలిగే ఊతం, పూత, పరిమాణం వంటి మార్పులు పురాణార్థాన్ని కూడా మారుస్తాయి. నాలుగు, మూలం-ప్రతి అనే ద్వంద్వం ఇటువంటి కళకు చాలదు. అచ్చును మధ్యలో ఉంచి, దానిని ఎవరు చేశారు, ఎవరు దాచారు, ఎవరు తిరిగి వాడారు అని అడిగే పద్ధతి అవసరం.

కళాచరిత్ర సాధారణంగా సృష్టించినవారి పేర్లను భద్రపరుస్తుంది. దోచ్చా బీరువాలలోని మైనపు దేవతలు భద్రపరచినవారి పేర్లను కూడా ఆ చరిత్రలో చేర్చవలసిన అవసరాన్ని గుర్తుచేస్తున్నాయి. పోతలూ అచ్చులూ మట్టిపనులూ ఉన్న ఏ సంప్రదాయాన్ని పరిశోధించేవారికైనా, పూర్తయిన విగ్రహం ముందు నిలబడడంతోపాటు పనిశాల వెనుకగది తలుపు కూడా తట్టవలసి ఉంటుంది.